సల్లగుండు మేడం

కొత్తవాడలో వెంకట్రాజం మాట నమ్మేవాళ్లు ఒకప్పుడు ఇద్దరుండేవారు. ఒకరు వాళ్లమ్మ, ఇంకొకరు ఆ గల్లీకి కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్. అమ్మ కాలం చేసింది. పోస్ట్‌మ్యాన్‌కు తెలివి వచ్చింది. ఇక మిగిలినవాళ్లందరికీ, పెండ్లాం కట్టమ్మ మొదలు పాలుపోసే మనిషి దాకా, ఆయన ‘అన్నం ఉడికింది’ అన్నా మూత తీసి చూసే అలవాటు.

మనిషి చెడ్డవాడు కాదు. తాతల కాలం నుంచి జంపఖానాలు నేసే ఇల్లు. మగ్గం మీద కూర్చుంటే చేయి ఎంత బుద్ధిగా పనిచేసేదో, మగ్గం దిగగానే నోరు అంత బుద్ధిలేకుండా పనిచేసేది. బామ్మర్ది సదానందం ఫోన్‌లో తన నంబరునే ‘కరెంటాఫీసు’ అని ఎక్కించి, గొంతు మార్చి, మీ మీటరు ఉల్టా తిరుగుతోందని భయపెట్టాడొకసారి. పాపం సదానందం ఒక రాత్రంతా లైట్లు బంద్ చేసుకుని కూర్చున్నాడు. పెండ్లికి పోతే భోజనాలయ్యేసరికి ఎవరి ఎడమ చెప్పు ఎవరి కుడి చెప్పుతో కాపురం చేస్తుందో ఆయనకే తెలియాలి.

చదివింది ఏడో తరగతి. అదీ సగం. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. ఇంగ్లీషు అంటే ఆయనకు ప్రేమ ఉంది, భయం లేదు. ఆ ప్రేమకు బలైంది చెల్లెలి బిడ్డ కావ్య. ఆ పిల్ల ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతూ హన్మకొండ హాస్టల్లో ఉండేది. సెలవు దొరికితే మేనమామ ఇంటికి వచ్చేది. వచ్చిందంటే చాలు, ఈయన రెండు మాటలు ముందు పెట్టి, వీటికి తేడా ఏంది బిడ్డా అనేవాడు.

ఒకసారి ‘ఫేమస్’కూ ‘నటోరియస్’కూ తేడా అడిగాడు. రెంటికీ పేరు మోసినవాడనే అర్థం మామా, కాకపోతే మంచిపనికి పేరొస్తే ఫేమస్, చెడ్డపనికి వస్తే నటోరియస్ అని పిల్ల ఓపికగా చెప్పింది. ఆ మరుసటి పెండ్లిలో వెంకట్రాజం, సదానందం భుజం మీద చేయివేసి, ఒక కాలేజీ సారుకు పరిచయం చేశాడు. మై బామ్మర్ది, వెరీ నటోరియస్ అన్నాడు. సదానందం సంతోషంగా తలూపాడు. సారు తన పర్సును వెనక జేబులోంచి తీసి ముందు జేబులో పెట్టుకున్నాడు.

ఇంకోసారి ‘స్లిమ్’కూ ‘స్కిన్నీ’కీ తేడా. నాజూగ్గా ఉంటే స్లిమ్, బొక్కలు తేలితే స్కిన్నీ అని తెలుసుకున్నాడు. ఇంకేముంది, వియ్యపురాలి దగ్గరికి పోయి, మీరు మస్తు స్కిన్నీ అయిన్రు అని పొగిడాడు. ఆమె మురిసిపోయి ఈయన పళ్లెంలో బగార అన్నం ఇంకో గరిటె వేసింది. విషయం తెలిసిన రోజు కావ్య ఒట్టు పెట్టుకుంది. “ఇగ నేను అర్థం చెప్తా మామా, వాడకం చెప్ప. నువ్వు ఏది అడిగితే గంతే. ఒక్క మాట ఎక్కువ చెప్ప.”

ఆ ఒట్టు ఏం తెచ్చిపెట్టిందో ముందు ముందు తెలుస్తుంది.

పోయినేడు వానకాలం చివర్లో, ముసురు పట్టి ఊళ్లో గోడలన్నీ నానిపోయిన రోజుల్లో, సదానందాన్ని జడిపించాలని వెంకట్రాజం నల్ల జంపఖానా కప్పుకుని వాళ్ల పెరటి గోడ ఎక్కి కూర్చున్నాడు. సదానందం బయటికి రాలేదు కాని గోడ కూలింది. గోడతోపాటు ఈయనా కూలాడు. కుడిచేయి మణికట్టు దగ్గర విరిగింది. పెట్టిన కేక మామూలు కేక కాదు. సదానందం ఆ కేక విని, ఇదీ నాటకమే అనుకుని, లోపల గడియ పెట్టుకున్నాడు. చివరికి పక్కింటివాళ్లు వచ్చి లేపారు.

పిండికట్టు విప్పేసరికి చేయి ఉంది కాని ఆయన చెప్పినట్టు వినడం లేదు. వేళ్లు కట్టెపుల్లల్లాగా బిగుసుకుపోయాయి. ముద్ద నోటి దాకా రాకముందే ఒళ్లో పడేది. కట్టమ్మ చెంచా ఇస్తే చెంచా పడేది. అంగీ గుండీ పెట్టుకోవాలంటే పెండ్లాం కావాలి. డాక్టరు, వయసు కూడా ఉంది కదా, చూద్దాం అన్నాడు. మగ్గం మనిషికి ఆ ‘చూద్దాం’ వినబడినంత భయంగా ఇంకేదీ వినబడదు. పడుగు పోగు తెగితే రెండు వేళ్లతో పట్టి ముడివేయాలి. ఆ రెండు వేళ్లే లేకపోతే నేతగాడు లేడు. వెంకట్రాజం ఎవరినీ ఆటపట్టించకుండా మగ్గం ముందు కూర్చుని దాన్ని ఊరికే చూస్తుంటే, కట్టమ్మకు చేయి సంగతి కన్నా అదే ఎక్కువ భయమేసింది.

అప్పుడు దొరికింది మేడం.

హన్మకొండలో ఒక దవాఖానలో, పడిపోయిన కాళ్లకూ చేతులకూ కసరత్తు చేయించే మేడం. కేరళ మనిషి. వరంగల్‌కు వచ్చి ఏడాది కూడా కాలేదు. పేరు ఉంది కాని, అది అక్షరాల్లో చదివే ఓపిక వెంకట్రాజానికి లేదు. అందరూ మేడం అంటే తనూ మేడం అనేవాడు. ఆమెకు వచ్చిన నాలుగైదు తెలుగు ముక్కల్లో ముఖ్యమైనవి మూడు. వంచండి, చాచండి, ఇంకా. ఈ మూడు మాటలతోనే తొర్రూరు నుంచి పాలకుర్తి దాకా ఎన్నో మోకాళ్లను దారికి తెచ్చింది.

నవ్వేది కాదు. వెంకట్రాజానికి ఇదొక కొత్త లోకం. తన ముందు నవ్వకుండా ఉన్న ఆడమనిషిని ఆయన మొదటిసారి చూశాడు. కట్టమ్మ కూడా తిట్టి తిట్టి చివరికి నవ్వేదే. మేడంను నవ్వించాలని పట్టుబట్టాడు. రబ్బరు బంతి పిసకమంటే, దాన్ని చంకలో దాచి, మేడం ఎగ్ అని కోడిలాగా కూసేవాడు. ఆమె బంతిని చంకలోంచి తీసి మళ్లీ చేతిలో పెట్టేది. ఒకరోజు రబ్బరు బల్లిని తెచ్చి ఆమె ట్రేలో పెట్టాడు. ఆమె దాన్ని తోకపట్టి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన చేతిలో పెట్టి, పట్టుకోండి, గట్టిగా అంది. ఆ వారమంతా బంతికి బదులు ఆ బల్లినే పిసికించింది. పిసికీ పిసికీ చివరికి బల్లి తోక తెగింది. అది వేళ్లకు వచ్చిన మొదటి బలం.

ఇంకొకటి కూడా ఆయన అక్కడే చూశాడు. ముసలమ్మలు నడక వచ్చి ఇంటికి పోయేటప్పుడు ఆమె గదువ పట్టుకుని, సల్లగుండు బిడ్డా అనేవారు. మన దగ్గర థాంక్స్ అనేది నోటికి రాదు కదా. కడుపు నిండినా, కష్టం తీరినా ఆ ఒక్కమాటే. ఆమె మాత్రం ప్రతిసారీ తల అడ్డంగా ఊపి, వద్దమ్మా, థాంక్యూ అనేది. దీవెన వద్దనే మనిషి ఉంటుందా అని వెంకట్రాజం ముక్కుమీద వేలేసుకున్నాడు. ఆ వేలు వంగి ముక్కు దాకా పోవడం కూడా ఆమె చలవే.

ఒకనాడు ఒక కాంట్రాక్టరు వచ్చాడు. భుజం నొప్పి. మేడం చేయి పైకి లేపమంటే అరిచాడు, ఇంకా అంటే లేచి నిలబడి అందరి ముందూ ఇంగ్లీషులో తిట్టాడు. అందులో వెంకట్రాజానికి అర్థమైంది ఒక్కమాట. యూ ఆర్ సో కోల్డ్. మేడం వరండాలోకి పోయి కిటికీ వైపు తిరిగి కాసేపు నిలబడింది. ముక్కు తుడుచుకుంది కూడా.

కోల్డ్ అంటే వెంకట్రాజానికి తెలుసు. మందుల దుకాణంలో అందరూ అనే మాటే. అయ్యో, మేడంకు పడిశం పట్టింది, పాపం పట్టించుకునేవాళ్లు లేరు అనుకున్నాడు. మరునాడు కట్టమ్మతో మిరియాల కషాయం పెట్టించి, ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన స్టీలు ఫ్లాస్కులో పోయించుకుని తీసుకుపోయాడు. పదిమంది పేషెంట్లు ఉన్నారు. గొంతు సవరించుకుని, పెద్దగా చెప్పాడు. మేడం, యూ కోల్డ్. సో కోల్డ్. డ్రింక్, డ్రింక్.

మేడం ముఖం మాడిపోయింది. ఫ్లాస్కు తీసుకుని అలమారలో పెట్టింది. ఆయన చేయి పట్టుకుని రోజూలాగే ఒక్కొక్క వేలూ వంచింది, చాచింది. ఆ తర్వాత చాన్నాళ్లు ‘ఇంకా’ అనే మాట తప్ప ఇంకో మాట రాలేదు ఆమె నోట. మిరియాలు ఎక్కువైనట్టున్నయని వెంకట్రాజం ఇంటికి వచ్చి కట్టమ్మను కోప్పడ్డాడు. కట్టమ్మ, ముందు నా ఫ్లాస్కు ఏదని అడిగింది. ఆ ప్రశ్న అప్పటినుంచి రోజూ అడుగుతూనే ఉంది.

ఎండలు ముదిరేసరికి చేయి తిరిగి ఆయనదైంది. మగ్గం మీద తెగిన పోగును రెండు వేళ్లతో పట్టి ముడివేసిన రోజు, ఆ ముడి చూసుకుంటూ చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు. కట్టమ్మ వచ్చి, ఏడుపు నిజమా నాటకమా అని కంటి కింద వేలుపెట్టి తడి చూసింది. నిజమే.

అదే వారం దవాఖానలో పనిచేసే యాకయ్య కబురు చెప్పాడు. మేడం సొంతూరు పోతాంది, శనివారమే ఆఖరు.

వెంకట్రాజానికి ఒక్కటే తోచింది. ఈ చేయితో నేసిన మొదటి జంపఖానా ఈ చేయి ఇచ్చిన మనిషికే పోవాలి. దానిమీద ఒక మాట నేయాలి. ముసలమ్మలు తెలుగులో అంటే ఆమెకు ఎక్కలేదు. ఇంగ్లీషులో చెప్తే ఎట్ల ఎక్కదో చూస్తా. ఎప్పుడూ సల్లగుండు మేడం. అంతే. ఎప్పుడూ అంటే ‘ఆల్వేస్’ అని తెలుసు, ఆటోల వెనకాల రాసి ఉంటుంది. చిక్కంతా సల్లగ దగ్గర వచ్చింది. దానికి రెండు మాటలున్నాయి.

కూల్ అనే మాట ఆయనకు నచ్చలేదు. కూల్ డ్రింక్స్ అని ప్రతి పాన్ డబ్బా మీదా ఉంటుంది. చినిగిన ప్యాంట్ల పోరగాళ్లు, కూల్ అంకుల్ కూల్ అంటుంటారు. పైగా ఆ మాట చెవినపడితేనే చేయి గుంజుతుంది. నీ ఇల్లు కూల అని కదా మన ఆడవాళ్లు తిట్టేది. కూలిన గోడ కింద నుంచి లేచినవాడు, లేపిన మనిషికి కూలు అని రాసిస్తాడా? కోల్డ్ అట్లా కాదు. ఎనుమాముల మార్కెట్ దారిలో గోదాముల మీద ఏనుగంత అక్షరాలతో ఉంటుంది, కోల్డ్ స్టోరేజీ అని. అందులో పెట్టిన మిర్చి ఏడాదైనా రంగు పోదు. మేడం కూడా అట్లా ఏళ్లకేళ్లు రంగు పోకుండా ఉండాలి. కోల్డ్ అంటే పడిశం కూడా కదా అని ఒక అనుమానం వచ్చింది కాని, అంత పెద్ద గోదాము మీద పడిశం అని ఎవడు రాస్తాడు అని సర్దుకున్నాడు.

అయినా చదువుకున్నవాళ్లను ఒకమాట అడగడం మంచిదని కావ్యకు ఫోన్ చేశాడు. కూల్, కోల్డ్, ఈ రెంట్ల ఏది ఎక్కువ సల్లగ బిడ్డా? ఎందుకో చెప్పలేదు. చెప్తే ఏం మజా. పిల్ల ఒట్టు తప్పలేదు. కోల్డ్ ఎక్కువ మామా, కూల్ జర తక్కువ అని, అడిగినంతే చెప్పి పెట్టేసింది.

దీవించేటప్పుడు తక్కువ ఎందుకు దీవించాలి?

ఎర్ర నూలు, తెల్ల నూలు తీసుకున్నాడు. కోల్డ్ స్టోరేజీ బోర్డును ఫోన్‌లో ఫొటో కొట్టుకొచ్చి, గళ్ల కాగితం మీద దింపి, చూసుకుంటూ నేశాడు. ఇనుప పంజాతో ఒక్కొక్క పోగూ దిగ్గొడుతుంటే మణికట్టు నొప్పి పెట్టేది. నొప్పి పెట్టినప్పుడల్లా, ఇంకా అనుకునేవాడు. మేడం గొంతుతోనే అనుకునేవాడు.

శుక్రవారం పొద్దుగూకే వేళకు కావ్య వచ్చింది. వెంకట్రాజం జంపఖానాను మంచం మీద పరిచి, కొత్త పెండ్లికూతురి ముసుగు తీసినట్టు పైన కప్పిన దుప్పటి తీశాడు. ఎర్రటి నేల మీద తెల్లటి అక్షరాలు. మేడం, ఆల్వేస్ బీ కోల్డ్.

కావ్య చదివింది. మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. కట్టమ్మ కూడా ఏమీ తెలియకుండానే నవ్వింది. తర్వాత పిల్ల ముఖం మారింది.

“మామా, ఇది నిజంగనే ఇద్దామని నేసినవా?”

“నిజం గాకపోతే? సల్లగుండుమని నేసిన.”

“నీళ్లు కోల్డ్ అంటే సల్లటి నీళ్లే మామా. మనిషి కోల్డ్ అంటే అట్ల గాదు. గుండెల తడి లేని మనిషి అన్నట్టు. ఎవరు సచ్చినా బతికినా పట్టని మనిషి అన్నట్టు.”

“మరి ఎక్కువ సల్లగ అంటివి గదనే.”

“నువ్వు ఎక్కువ తక్కువలే అడిగినవు. మనిషికి రాస్త అన్నవా? కూల్ అని రాసినా బతికిపోతుంటిమి. ఆమెను పట్టుకుని, ఎప్పటికీ గిట్లనే రాతిగుండెతోని ఉండుమని రాసినవు.”

వెంకట్రాజం నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. కాంట్రాక్టరు గుర్తొచ్చాడు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డ మేడం గుర్తొచ్చింది. ముక్కు తుడుచుకోవడం గుర్తొచ్చింది. అది పడిశం కాదు. ఆ తర్వాత తను ఫ్లాస్కు పట్టుకుని పదిమందిలో నిలబడి అన్నమాట, మేడం యూ కోల్డ్, సో కోల్డ్ అన్నది, ఇప్పుడు తన చెవులకే వినబడింది.

మెల్లగా మంచం మీద కూర్చుని, జరిగిందంతా కావ్యకు చెప్పాడు. పిల్ల నోటిమీద చేయిపెట్టుకుంది.

“ఆమె ఏమనుకున్నదో తెలుసా మామా? ఆ కాంట్రాక్టరుతోని కలిసి నువ్వు గూడ వెక్కిరించినవనుకున్నది. మళ్ల ఇప్పుడు ఇది తీస్కపోతే, పోయే రోజు గూడ ఇడవలేదు అనుకుంటది. నువ్వు తేడా తెల్వక చేసిన అంటే ఎవరు నమ్ముతరు చెప్పు? తేడాలన్ని తెలిసి చేసేటోనివేనాయె.”

నిజమే. జీవితంలో ఒకే ఒక్కసారి అబద్ధం లేకుండా, ఆట లేకుండా ఒక మాట అందామనుకున్నాడు. ఆ ఒక్కమాటా వెక్కిరింత అయి కూర్చుంది. గోడ కింద పడి కేకవేసినప్పుడు సదానందం గడియ పెట్టుకోవడం ఆయనకు అప్పుడు నవ్వులాటగానే అనిపించింది. ఇప్పుడు అట్లా అనిపించలేదు.

ఇంకోటి కూడా తట్టింది ఆయనకు. పదిమందిలో అవమానపడ్డ ఆ మనిషి, మరుక్షణం తన చేయి పట్టుకుని ఒక్కొక్క వేలూ వంచింది. ఒక్కరోజు మానలేదు. ఒక్క వేలు వదిలిపెట్టలేదు. తను అయితే ఆ వేళ్లు విరిచి ఉండేవాడు.

కట్టమ్మ, దుకాణంలో అక్షరాలు లేని జంపఖానా ఒకటి తెచ్చి ఇద్దామంది. అది నేను నేసింది కాదు కదా అన్నాడు. కావ్య, అక్షరాల మీద గుడ్డ వేసి కుడదామంది. గుడ్డ చూస్తే కింద ఏముందో అని ఎవరైనా విప్పుతరు అన్నాడు. కోసిన జంపఖానాను మళ్లీ మగ్గం ఎక్కించడం కుదరదు. చివరికి, అక్షరాలు లోపలికి పోయేటట్టు మడిచి, తాడు కట్టి, ముందు నోటితో చెప్పి తర్వాత విప్పుదామని, చెప్పడానికి కావ్య తోడు రావాలని నిశ్చయమైంది.

శనివారం పొద్దున ముగ్గురూ ఆటో ఎక్కి పోచమ్మ మైదాన్ మీదుగా హన్మకొండ పోయారు. దారంతా వెంకట్రాజం ఒక్క జోకూ వేయలేదు. ఆటో డ్రైవరు తెలిసినవాడే. కాకకు పానం బాగలేదా అని కట్టమ్మను అడిగాడు.

మేడం గదిలో ఉంది. అలమార ఖాళీ చేస్తోంది. వెంకట్రాజాన్ని చూసి, రండి, చేయి అంది. ఆఖరు రోజు కూడా అదే మాట. ఆయన చేయి ఇవ్వబోతూ జంపఖానా బల్లమీద పెట్టాడు. ఆమె దాన్ని చూసింది. నాకా అన్నట్టు వేలితో చూపించి, కావ్య నోరు తెరిచేలోపల తాడు గుంజేసింది. నేసినవాడు కట్టిన ముడి అంత సులభంగా ఊడుతుందని ఎవరనుకున్నారు. జంపఖానా బల్లమీద నుంచి కిందికి జారుతూ తెరుచుకుంది. ఎర్రటి నేల, తెల్లటి అక్షరాలు.

ఆమె చదివింది.

“జోకా?” అంది వెంకట్రాజాన్ని చూసి.

కావ్య ఇంగ్లీషులో గబగబా మొదలుపెట్టింది. వెంకట్రాజం పిల్ల భుజం పట్టి ఆపాడు. నువ్వు తర్వాత చెప్పు బిడ్డా, ముందు నేను చెప్త అన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. ఆయన తన కుడిచేయి ఆమె ముందు పెట్టాడు. ఒక్కొక్క వేలూ మెల్లగా వంచి, పిడికిలి చేసి, తెరిచాడు. ఆ పిడికిలితోనే మగ్గం మీద పంజా కొట్టినట్టు గాలిలో కొట్టి చూపించాడు. తర్వాత జంపఖానా చూపించాడు. దిస్ హ్యాండ్, మేడం హ్యాండ్ అన్నాడు. కోల్డ్ అనే అక్షరాల మీద చేయిపెట్టి, ఇంగ్లీష్ కోల్డ్ నో మేడం, వరంగల్ కోల్డ్ అన్నాడు. ఇక మాటలు అయిపోయాయి. అదే చేయి ఎత్తి ఆమె నెత్తిమీద పెట్టాడు.

“సల్లగుండు బిడ్డా.”

మేడం కదలలేదు. ఆ మాట ఆమెకు కొత్త కాదు.

“సల్ల?” అంది మెల్లగా. “బటర్‌మిల్క్?”

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గడప దగ్గర నిలబడ్డ యాకయ్య తల గోక్కుంటూ బయటపెట్టాడు. మేడం వచ్చిన కొత్తలో, ముసలమ్మలు సల్ల సల్ల అంటాన్రు, సల్ల అంటే ఏందని అడిగితే, మజ్జిగ అని తనే చెప్పాడట. తప్పేం చెప్పలేదు కదా, మనం మజ్జిగను సల్లనే అంటం కదా. పాపం ఆమె ఏడాది పొడుగునా, ఈ ఊరి ముసలమ్మలు తనను మజ్జిగ తాగి పొమ్మంటున్నారనుకుని, వద్దమ్మా, థాంక్యూ అంటూ వచ్చింది.

కావ్య అప్పుడు చెప్పింది, నిదానంగా. కషాయం కథ చెప్పింది. కూల్ ఎందుకు వద్దనుకున్నాడో, కూలిన గోడ కథ చెప్పింది. చివరగా ఈ మాట చెప్పింది. ఇంగ్లీషు పుట్టింది చలిదేశంలో, అక్కడ మనసుకు హాయి అంటే వెచ్చదనం, అందుకే మంచి మనిషిని వాళ్లు వార్మ్ అంటారు. మా వరంగల్‌లో మే నెల మీరు చూస్తున్నారు కదా, మాకు హాయి అంటే సల్లదనం. సల్లగుండు అంటే మీ ఇల్లూ ఒళ్లూ మనసూ ఏ మంటా తగలకుండా ఉండాలని.

మేడం కుర్చీలో కూర్చుంది. అంతమంది ముసలమ్మలు కూడా అదే అన్నారా అని అడిగింది. అదే అన్నారని కావ్య చెప్పింది. నేను అందరికీ వద్దన్నాను అంది ఆమె. కళ్లు నిండాయి.

వెంకట్రాజం తాళలేకపోయాడు. తెలుగులోనే అనేశాడు. “వద్దంటే పోయే మాట గాదు మేడం అది. ఎప్పుడో తాకింది నీకు.”

కావ్య అది చెప్పేసరికి మేడం కళ్లు తుడుచుకుని లేచింది. జంపఖానా అంచు చేతులతో తడిమింది. ముఖం మళ్లీ ఎప్పటిలాగా బిగించి, వెంకట్రాజం కళ్లలోకి సూటిగా చూసి, “థాంక్యూ. వెరీ కోల్డ్ ఆఫ్ యూ” అంది.

వెంకట్రాజం ఇంత చెప్పినా కోపం తగ్గలేదని కావ్య వైపు చూశాడు. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. తిరిగి చూస్తే మేడం కూడా నవ్వుతోంది. పళ్లన్నీ కనబడేటట్టు, భుజాలు ఊగేటట్టు. ఇన్ని నెలలు రబ్బరు బల్లికీ కోడికూతకూ రాని నవ్వు. ఊరందరినీ బోల్తా కొట్టించే వెంకట్రాజాన్ని రెండు ముక్కల్లో బోల్తా కొట్టించింది. ఇంత సంతోషంగా ఆయన ఎన్నడూ మోసపోలేదు.

మేడం అలమారలోంచి స్టీలు ఫ్లాస్కు తీసి కట్టమ్మ చేతిలో పెట్టింది. మెరిసేటట్టు కడిగి ఉంది. కషాయం ఆ రోజే ఒలకబోశాను, సారీ అని కావ్యతో చెప్పించింది. కట్టమ్మకు కషాయం ఫికర్ లేదు, ఫ్లాస్కు దొరికింది, చాలు. దాన్ని చంకలో పెట్టుకుని మేడం గదువ పట్టుకుంది. మేడం ఈసారి వద్దనలేదు. తల వంచింది.

పోయే ముందు వెంకట్రాజం కావ్యతో ఒక్కటి అడిగించాడు. నా మీద అంత కోపం పెట్టుకుని గూడ నా చేయిని ఎట్ల మంచిగ చేసినవు మేడం అని. ఆమెకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. కోపం మీ నోటి మీద వచ్చింది, మీ చేయి ఏం చేసింది అంది.

సాయంత్రం రైలుకు వరంగల్ స్టేషన్‌కు పోయారు. కట్టమ్మ అదే ఫ్లాస్కులో అల్లం, కరివేపాకు దంచి వేసిన సల్ల నింపి ఇచ్చింది. మేడం ప్లాట్‌ఫారం మీదనే మూత తీసి తాగింది. ఇంకా అంది. కట్టమ్మ మిగిలింది పోయబోతూ, ఫ్లాస్కు వైపు ఒకసారి చూసుకుని, అసలు ఫ్లాస్కే తీస్కపో బిడ్డా అని ఆమె బ్యాగులో పెట్టేసింది. పుట్టింటివాళ్లు పెట్టింది కట్టమ్మ ఇంకొకరికి ఇవ్వడం వెంకట్రాజం అంతవరకు చూడలేదు. రైలు వచ్చే వేళకు సామాను సర్దుకోవడానికి జంపఖానా చుట్టి కట్టాల్సి వస్తే, కావ్య చేయి వేయబోయింది. మేడం ఆపి, వెంకట్రాజాన్ని చూపించింది. ఆయన ప్లాట్‌ఫారం మీదనే నిలబడి, కుడిచేతి రెండు వేళ్లతో తాడు గుంజి ముడివేశాడు. ఈసారి గట్టిగా వేశాడు. ఆమె ఆ ముడిని లాగి చూసి, సరే అన్నట్టు తలూపింది.

ఆదివారం పొద్దున ఇంట్లో చాయ్ తాగుతుంటే కావ్య ఫోన్‌కు మేడం నుంచి ఫొటో వచ్చింది. ఏసీ బోగీలో పై బెర్తు మీద మెడదాకా జంపఖానా కప్పుకుని ఉంది. బోగీ చాలా కోల్డ్, జంపఖానా చాలా వార్మ్, మామయ్యకు చెప్పండి అని రాసింది. మామయ్య అనే మాట తెలుగులో రాసింది. ఎవరినడిగి రాసిందో.

వెంకట్రాజం ఫోన్ తీసుకుని ఆ ఫొటో చాలాసేపు చూశాడు. కట్టమ్మకు చూపించాడు. మగ్గానికి కూడా చూపించాడు. తర్వాత, కళ్లలో పాత వెలుగు వచ్చి, “వార్మ్‌కు, హాట్‌కు తేడా ఏంది బిడ్డా? హాట్ జర ఎక్కువ గదా? ఆల్వేస్ బీ హాట్ అని రాద్దామా?” అన్నాడు.

కావ్య చాయ్ గ్లాసు కింద పెట్టి ఫోన్ మీద పడింది. రెండు చేతులతో గుంజింది. ఫోన్ రాలేదు. ఒకప్పుడు చెంచా కూడా నిలవని ఆ వేళ్లు ఫోన్‌ను పట్టిన పట్టు వదలలేదు.

“ఇడువు మామా.”

“ఇడువ. ఇట్లనే ఒక ఫొటో తియ్యుమను మీ అత్తను. పట్టు మంచిగున్నదని మేడంకు పంపుదాం.”